తలకు తగిన శిరస్త్రాణము

శిరస్సును కాపాడుకొనవలెనను తలంపు మానవునకు క్రొత్తది కాదు. ఎండకు వెఱచి రైతు తలపాగా చుట్టును. వానలో నాట్లు వేయు కూలీలు తాటియాకు గిడుగులను కప్పుకొనెడివారు. పూర్వకాలమున యుద్ధభూమికి పోవు యోధుడు లోహపు శిరస్త్రాణమును ధరించెడివాడు. నేడు గనిలోనికి దిగు కార్మికుడును, మేడలు కట్టు మేస్త్రీయు గట్టి టోపీలను పెట్టుకొనుచున్నారు. వీరిలో ఎవ్వరును దానిని అలంకారముగా భావింపలేదు. తాము చేయు పనిలో తలకు కలుగు అపాయము ఎట్టిదో తెలిసికొని, దానికి తగిన రక్షణను కల్పించుకొనిరి. మోటారు సైకిలు నెక్కు మనుజుడు మాత్రము ఈ విషయమున విచిత్రముగా ప్రవర్తించుచున్నాడు. బయలుదేరునప్పుడు బండిలో పెట్రోలు ఉన్నదో లేదో చూచును. చక్రములలో గాలి చూచును. శిరస్త్రాణమును మాత్రము చేతికి తగిలించుకొనియో, బండి అద్దమునకు వ్రేలాడదీసియో పోవుచు, పోలీసులు కనబడినప్పుడు మాత్రమే తలపైకి తెచ్చును.

అట్టివానిని చూచి అజాగ్రత్తపరుడని నిందించుట సులభము. నిందించినంత మాత్రమున అతడు శిరస్త్రాణమును ధరించునా యన్నది సందేహము. ప్రాణముపై తీపి లేనివాడు లోకమున అరుదు. తల పగిలినచో ప్రాణము పోవునని తెలియనివాడును అరుదే. తెలిసియు ధరింపకపోవుటకు కారణమేమని విచారించినచో, చాలమంది చెప్పు సమాధానము ఒక్కటే: “అది పెట్టుకొన్నచో తల నొప్పి పుట్టును, చెమట పట్టును, మెడ పీకును.” ఈ మాట వట్టి సాకు కాదు. అందు కొంత నిజము కలదు. వారి యొద్దనున్న శిరస్త్రాణము వారి తలకు తగినది కాదు. కావున ఆ వస్తువును ధరింపుడని బోధించుట యెంత ముఖ్యమో, దానిని ఎన్నుకొనుట యెట్లో బోధించుటయు అంత ముఖ్యము. సుఖముగానున్న శిరస్త్రాణమే ప్రతిదినము తలపై నుండును. తలపై నున్న శిరస్త్రాణమే ప్రాణమును కాపాడును. ఈ రెండు మాటల నడుమనే ఈ విషయమంతయు ఇమిడి యున్నది.

ఈ సాధనము మోటారు సైకిళ్లు నడుపువారికి సర్వసామాన్యమగుటకు ఒక విషాద సంఘటన కొంత కారణమయ్యెను. “అరేబియా లారెన్సు” అని ప్రసిద్ధి కెక్కిన టి. ఇ. లారెన్సు 1935వ సంవత్సరము మే 13వ తేదీన ఇంగ్లండులోని డార్సెట్ ప్రాంతమున తన మోటారు సైకిలుపై పోవుచు, సైకిళ్లపై నున్న ఇద్దరు బాలురను తప్పింపబోయి, క్రిందపడి తలకు గాయము తగిలించుకొనెను. ఆయన తలపై శిరస్త్రాణము లేదు. ఆరు దినములు స్పృహలేక పడియుండి, మే 19వ తేదీన మరణించెను. అప్పటికి ఆయన వయస్సు 46 సంవత్సరములు మాత్రమే. చికిత్సకై పిలువబడిన వైద్యులలో హ్యూ కెయిర్న్స్ అను మెదడు శస్త్రవైద్యుడు ఒకడు. రోగిని బ్రతికింపలేకపోయిన ఆ వైద్యుడు ఆ విషయమును అంతటితో మఱచిపోలేదు. ఇట్టి మరణములను నివారించు మార్గమేదియు లేదా యని ఆలోచింప సాగెను.

రెండవ ప్రపంచయుద్ధము ప్రారంభమైన పిమ్మట సైన్యమున మోటారు సైకిళ్లపై ఉత్తరములు కొనిపోవు సైనికులు అనేకులు శత్రువు గుండుకు గాక, రోడ్డు ప్రమాదములకు బలియగుచుండిరి. యుద్ధము మొదలైన తొలి 21 మాసములలో బ్రిటనులో 2,279 మంది మోటారు సైకిళ్లవారును, వారి వెనుక కూర్చున్నవారును మరణించిరని కెయిర్న్స్ 1941లో ప్రకటించిన వ్యాసమున చూపెను. తలకు దెబ్బ తగిలియు, శిరస్త్రాణము ధరించియుండుటచే తేలికపాటి గాయములతో బయటపడిన కొందరి వృత్తాంతమును కూడ ఆ వ్యాసముననే వివరించెను. అదే సంవత్సరము నవంబరు మాసమున బ్రిటిషు సైన్యము మోటారు సైకిలు నడుపు తన సైనికులందరును శిరస్త్రాణము ధరింపవలెనని శాసించెను. సామాన్య పౌరులకు ఆ నియమము వర్తించుటకు మాత్రము 1973వ సంవత్సరము రావలసి వచ్చెను. లారెన్సు మరణమునకును ఆ చట్టమునకును నడుమ ముప్పదియెనిమిది సంవత్సరములు గడచినవి. మంచి విషయము తెలియుటకును, అది ఆచరణలోనికి వచ్చుటకును నడుమ ఎంత కాలము పట్టునో ఈ చరిత్ర తెలుపుచున్నది.

శిరస్త్రాణము తలను ఏ విధముగా కాపాడునో తెలిసికొన్నచో, దానిని ఎన్నుకొనుట సులభమగును. పైనుండు గట్టి చిప్పయే రక్షణ నిచ్చునని చాలమంది తలంతురు. నిజమునకు ఆ చిప్ప సగము పనినే చేయును. పదునైన రాయి తలలోనికి దిగకుండ ఆపుటయు, దెబ్బను విశాలమైన చోటికి పంచుటయు దాని పని. మిగిలిన పనిని లోపలి పొర చేయును. అది థర్మోకోలు జాతికి చెందిన పదార్థముతో, రెండు మూడు సెంటీమీటర్ల మందమున నుండును. చార్లెస్ లొంబార్డ్, హెర్మన్ రాత్ అను అమెరికనులు ఇట్లు దెబ్బను తనలో ఇముడ్చుకొను పొరగల శిరస్త్రాణమునకై 1947లో పేటెంటు కోరిరి. 1953లో అది వారికి లభించెను. నేటి శిరస్త్రాణము లన్నియు ఆ భావము ననుసరించియే తయారగుచున్నవి.

దీనిలోని సూత్రము ఎనిమిదవ తరగతి విద్యార్థులకు అర్థము కానిది కాదు. బండిపై కూర్చున్న మనుజుని తల నేలనుండి సుమారు ఒకటిన్నర మీటరు ఎత్తున నుండును. బండి కదలకున్నను, అంత ఎత్తునుండి పడిన తల నేలను తాకునప్పటికి గంటకు సుమారు 20 కిలోమీటర్ల వేగము నందుకొనును. ఆ వేగము ఎక్కడనో ఒకచోట ఆగవలెను. తలపై ఏమియు లేనిచో అది కొద్ది మిల్లీమీటర్లలోనే ఆగిపోవును. ఆ తాకిడిని పుఱ్ఱె భరింపవలసి వచ్చును. లోపలి పొర నలిగి రెండు సెంటీమీటర్ల దూరమున తలను మెల్లగా ఆపినచో, ఆగు దూరము ఎన్ని రెట్లు పెరుగునో తాకిడి అన్ని రెట్లు తగ్గును. దూరము పది రెట్లయినచో తాకిడి పదియవ వంతగును. బావిలోనికి దూకినవాడు బ్రతుకుటయు, బండపై పడినవాడు చచ్చుటయు ఈ సూత్రము వలననే. ఇక గంటకు 40 కిలోమీటర్ల వేగమున పోవు తల ఎదుటి గోడనో లారీనో తాకుట, ఆరు మీటర్లకు పైబడిన ఎత్తునుండి, అనగా రెండంతస్తుల మేడపై నుండి పడుటతో సమానము. ఆ వేగమును పట్టణ వీధులలో ఎవ్వరును వేగమని కూడ అనుకొనరు.

భారతదేశమున ఈ విషయము ఎంత తీవ్రమైనదో లెక్కలే తెలుపగలవు. 2022వ సంవత్సరమున దేశములోని రోడ్డు ప్రమాదములలో 1,68,491 మంది మరణించిరి. వారిలో 74,897 మంది ద్విచక్ర వాహనములపై పోవుచుండినవారు. కేంద్ర రవాణా శాఖ ప్రకటించిన లెక్కల ప్రకారము ఆ సంవత్సరము శిరస్త్రాణము లేక మరణించినవారు 50,029 మంది. అనగా దినమునకు సుమారు 137 మంది. ఒక్క దినమున ఒక పాఠశాలలోని మూడు నాలుగు తరగతుల విద్యార్థులందరును మాయమైనట్లు! శిరస్త్రాణము ధరించినంత మాత్రమున వీరందరును బ్రతికియుందురని చెప్పుటకు వీలులేదు. కాని అనేక దేశములలో జరిగిన 61 పరిశోధనలను పోల్చి చూచి 2008లో వెలువడిన సమీక్ష ప్రకారము శిరస్త్రాణము మరణభయమును నూటికి సుమారు 42 వంతులును, తలగాయముల భయమును నూటికి సుమారు 69 వంతులును తగ్గించుచున్నది. ఇంత మేలు చేయు వస్తువులు లోకమున అధికముగా లేవు.

శిరస్త్రాణమును కొనువారిలో రెండు విధముల పొరపాట్లు కానవచ్చుచున్నవి. మొదటివాడు పోలీసుల బాధ తప్పించుకొనుటకు కొనును. రోడ్డు ప్రక్కన చెట్టు క్రింద రెండు మూడు వందల రూపాయలకు దొరకు టోపీని బేరమాడి తెచ్చుకొనును. అందు లోపలి పొర ఉండదు. ఉన్నను అది మెత్తని దూదిపొర. ఆ టోపీ జరిమానాను ఆపవచ్చునేమో గాని దెబ్బను ఆపదు. మేస్త్రీలు ధరించు పసుపుపచ్చని టోపీని పెట్టుకొని బండి నడుపువారు కూడ కలరు. ఆ టోపీ పైనుండి పడు ఇటుకను అడ్డగించుటకు ఏర్పడినది. రోడ్డుపై పడు తలకు అది చాలదు. రెండవవాడు సొగసునకై కొనును. పందెములలో పాల్గొనువారి బొమ్మలు చూచి, ముదురు నల్లని అద్దమును, మెరయు రంగులును గల ఖరీదైన శిరస్త్రాణమును తెచ్చుకొనును. కొలత మాత్రము చూడడు. వారము దినములు ధరించి, నుదుట నొప్పి పుట్టగా దానిని అటక మీదికి ఎక్కించును. మొదటివాడు ధనమును మిగిల్చుకొని రక్షణను పోగొట్టుకొనెను. రెండవవాడు రెండింటిని పోగొట్టుకొనెను.

ఈ రెండు పొరపాట్లకు నడుమ ఒక సరియైన దారి కలదు. మొదట చూడవలసినది ముద్ర. భారతదేశమున ద్విచక్ర వాహనముల శిరస్త్రాణములకు ఐ.ఎస్. 4151 అను ప్రమాణము ఏర్పడియున్నది. ఆ ప్రమాణమునకు నిలిచి ఐ.ఎస్.ఐ. ముద్ర పొందిన వానినే తయారుచేయవలెననియు, అమ్మవలెననియు కేంద్ర ప్రభుత్వము చేసిన ఉత్తరువు 2021 జూన్ 1వ తేదీనుండి అమలులోనికి వచ్చెను. ముద్రకు పైన ప్రమాణపు సంఖ్యయు, క్రింద సి.ఎం./ఎల్. అను అక్షరములతో తయారీదారుని అనుమతి సంఖ్యయు ఉండవలెను. ముద్రలను దొంగతనముగా అచ్చువేయువారును లేకపోలేదు. కావున ఆ అనుమతి సంఖ్యను భారతీయ ప్రమాణముల సంస్థవారి ‘బి.ఐ.ఎస్. కేర్’ అను సెల్‌ఫోను సాధనమున చూచి, అది నిజమైనదో కాదో తెలిసికొనవచ్చును. ఇది రెండు నిమిషముల పని. కొనుగోలుకు రసీదు పుచ్చుకొనుటయు మంచిది.

ముద్ర యున్నదని తేలిన పిమ్మట చూడవలసినది ధర కాదు, కొలత. దర్జీవాడు వాడు టేపును కనుబొమలకు ఒక అంగుళము పైగా నుదుటి మీదుగా, చెవుల పైనుండి, తలవెనుక మిక్కిలి ఉబ్బుగా నున్న చోటునకు చుట్టి కొలువవలెను. శిరస్త్రాణముల లోపల 560, 580, 600, 620 అని మిల్లీమీటర్లలో కొలతలు ముద్రింపబడి యుండును. తలకొలత 58 సెంటీమీటర్లయినచో 580 అను దానితో ప్రారంభింపవచ్చును. కాని కొలత ఒక్కటియే చాలదు. కొందరి తల గుండ్రముగాను, కొందరి తల ముందు వెనుకలకు కోలగాను ఉండును. ఒకే కొలత గల రెండు తలలకు ఒకే శిరస్త్రాణము సరిపడకపోవచ్చును. చెప్పులు కొనునప్పుడు కాలికి తొడిగి నాలుగడుగులు నడచి చూడనివాడు లేడు. తలకు కొనునప్పుడు మాత్రము ఆ పాటి శ్రద్ధ చూపనివారే అధికము.

శిరస్త్రాణమును దుకాణముననే ధరించి పరీక్షింపవలెను. అది తలను అన్నివైపుల సమముగా పట్టుకొనవలెను. చెంపలను మెత్తలు కొంచెము నొక్కవలెను. శిరస్త్రాణమును చేతులతో ప్రక్కలకు త్రిప్పినప్పుడు నుదుటి చర్మము దానితోపాటు కదలినచో కొలత సరిపోయినది. చర్మము నిలిచి శిరస్త్రాణము మాత్రమే తిరిగినచో అది వదులు. పిమ్మట గడ్డము క్రింది పట్టీని బిగించి, వెనుక అంచును పట్టి ముందునకు నెట్టవలెను; అది ఊడి వచ్చినచో ప్రమాదములో కూడ అట్లే ఊడి పోవును. పట్టీకిని గడ్డమునకును నడుమ రెండు వ్రేళ్లు మాత్రమే పట్టవలెను. అటుపిమ్మట దానిని పది పదునైదు నిమిషములు తలపైననే ఉంచుకొని, దుకాణదారునితో మాటలాడుచుండవలెను. తీసి చూచినప్పుడు నుదుట ఒక్కచోట ఎఱ్ఱని గుర్తు పడి నొప్పి పుట్టినచో ఆ ఆకారము ఆ తలకు తగదు. లోపలి మెత్తలు వాడుకతో కొంచెము అణగును గావున, క్రొత్తదానిలో అంతటను సమమైన బిగువు ఉండుట దోషము కాదు. ఒక్కచోటనే నొప్పి కలుగుట దోషము. ఈ భేదము తెలియకనే చాలమంది వదులుగా నున్నదానిని సుఖమని భ్రమించి కొనుచున్నారు.

కన్నద్దములు ధరించువారు వానితోనే పరీక్షింపవలెను. వాని కాడలు కణతలను నొక్కరాదు. స్త్రీలు కొప్పుపై శిరస్త్రాణమును పెట్టుకొన్నచో అది పైకి లేచి నిలిచి, ముందుకు వాలును. కావున ప్రయాణ సమయమున మెడ దిగువగా జడ అల్లుకొనుట మేలు. లోపల మందమైన తువ్వాలు చుట్టుకొనుటయు తగదు. చెమట పీల్చుటకు పలుచని నూలు టోపీ చాలును.

ఇక ఎండ మాట. రెంటచింతలలోను, రామగుండములోను మే మాసపు మధ్యాహ్నమున తలపై గట్టి చిప్పను మోయుట కష్టమే. ఆ కష్టమును లేదని చెప్పుట సత్యము కాదు. దానిని తగ్గించు ఉపాయములు మాత్రము కలవు. గాలి ముందునుండి ప్రవేశించి వెనుకనుండి వెలువడునట్లు రంధ్రములు గల శిరస్త్రాణమును ఎన్నుకొనవలెను. ముందు రంధ్రములుండి వెనుక లేనిచో గాలి ఆడదు. లోపలి గుడ్డ విప్పి ఉదుకుటకు వీలుగా నుండవలెను; వేసవిలో వారమున కొకసారి సబ్బునీటితో ఉదికి ఆరవేసినచో దుర్గంధమును, దురదయు ఉండవు. బరువు కూడ ముఖ్యమే. ఒకే కొలతగల రెండింటిని రెండు చేతుల పట్టి చూచి, ముద్రయున్న వానిలో తేలికయైన దానిని తీసికొనవలెను. పావుకిలో భేదము పది నిమిషములలో తెలియదు గాని, గంటసేపటి ప్రయాణమున మెడకు తెలియును. రంగు తెలుపైనచో మఱియు మంచిది. న్యూజిలాండులోని ఆక్లాండు ప్రాంతమున జరిగి 2004లో ప్రకటింపబడిన పరిశోధనలో, నల్లని శిరస్త్రాణము ధరించినవారికంటె తెల్లనిది ధరించినవారికి ప్రమాదభయము నూటికి 24 వంతులు తక్కువగా కనబడినది. తెలుపు ఎదుటివారి కంటికి దూరమునుండియే కానవచ్చుట ఇందుకు కారణము కావచ్చును.

ముఖమంతటిని కప్పునది మేలా, ముఖము తెఱపిగా నుండునది మేలా యను ప్రశ్న తఱచుగా వినబడును. జర్మనీలోని హానోవర్ నగర ప్రాంతమున ప్రమాదములను పరిశీలించినవారు, శిరస్త్రాణముపై పడిన దెబ్బలలో సుమారు మూడవ వంతు గడ్డము, దవడల ప్రాంతముననే పడినట్లు కనుగొనిరి. కావున ముఖమును గూడ కప్పునదే ఉత్తమము. కాని నిండు శిరస్త్రాణమును భరింపలేక ఇంట వదలి వెళ్లువాడు, ముఖము తెఱపిగా నున్నదానిని ప్రతిదినము ధరించువానికంటె అపాయమున నున్నాడు. ఉత్తమమైనది సాధ్యము కానప్పుడు మధ్యమమును గ్రహించుట వివేకము. ఏదియు లేకుండ పోవుట అవివేకము. చెవుల పైభాగముననే ఆగిపోవు సగము టోపీ మాత్రము మధ్యమము కూడ కాదు. రాత్రివేళ నల్లని అద్దమును దించుకొనుటయు, గీతలు పడిన అద్దముతో నడుపుటయు కన్నులుండియు మూసికొనుట వంటివి.

ధరను గూర్చి ఆలోచింపవలసిన వారు ఆలోచింపక తప్పదు. కూలిపని చేసికొని బండి వాయిదాలు కట్టుకొను గృహస్థునకు వేయి రూపాయలు అల్పము కాదు. అయితే ప్రమాణమునకు తగిన సాధారణపు శిరస్త్రాణము సుమారు ఆ వెలకు, లేక అంతకు కొంచెము పైన దొరకుచునే యున్నది. పన్నెండు వందల రూపాయలకు కొని అయిదు సంవత్సరములు వాడినచో దినమునకు డెబ్బది పైసలు కూడ పడదు. మోటారు వాహనముల చట్టమునకు 2019లో చేయబడిన సవరణ ప్రకారము శిరస్త్రాణము లేనివానికి వేయి రూపాయల జరిమానాయు, మూడు నెలలపాటు లైసెన్సుకు అనర్హతయు విధింపవచ్చును. ఒక్క జరిమానాతో పోవు ధనము ఒక ప్రాణరక్షకమునకు దాదాపు సరిపోవును. వెల పెరిగిన కొలది రక్షణ అదే లెక్కన పెరుగునని తలంచుటయు పొరపాటు. ఎక్కువ ధరలో కొంత తేలికదనమునకు, కొంత మెత్తదనమునకు, కొంత రంగులకు, పేరునకు పోవును. ముద్రయుండి తలకు అమరిన పన్నెండు వందల శిరస్త్రాణము, అమరని పన్నెండు వేల శిరస్త్రాణముకంటె మేలైనది. పాతబడి ఎవ్వరో వాడి విడిచినదానిని చవకకు కొనుట మాత్రము తగదు. అది మునుపు ఎట్టి దెబ్బ తిన్నదో పైకి కనబడదు.

ఈ విషయమున అందరికంటె అన్యాయమునకు గురియగుచున్నవారు వెనుక కూర్చుండువారు. ఇంటి యజమాని తలపై శిరస్త్రాణముండును. వెనుక కూర్చున్న ఇల్లాలి తలపై పూలు మాత్రమే యుండును. నడుమ కూర్చున్న బిడ్డ తలపై అదియు నుండదు. నేల ముగ్గురికిని ఒక్కటే. పైన చెప్పిన 50,029 మందిలో 14,337 మంది వెనుక కూర్చున్నవారే. నాలుగు సంవత్సరములు పైబడిన ప్రతివ్యక్తియు ద్విచక్ర వాహనముపై శిరస్త్రాణము ధరింపవలెనని చట్టము చెప్పుచున్నది. తొమ్మిది నెలలు నిండి నాలుగేండ్లలోపు నున్న పసివారికి కూడ తగిన శిరస్త్రాణము ఉండవలెననియు, వారిని నడుపువానితో కలిపి పట్టీతో కట్టవలెననియు, వేగము గంటకు 40 కిలోమీటర్లు మీరరాదనియు నిబంధన 2023 ఫిబ్రవరి నుండి అమలులోనున్నది. కావున వేయి రూపాయలు మాత్రమే గలవాడు ఒక్కటి కొని తన తలపై పెట్టుకొనుటతో తృప్తి పడరాదు. ఆడంబరమైన దానిని ఒకదానిని కొనుటకంటె సాధారణమైనవి రెండు కొనుట కుటుంబధర్మము.

చల్లదనమును, చవకదనమును కలిపి ఆలోచించిన దేశము లేకపోలేదు. మోటారు సైకిళ్లతో నిండిన వియత్నాం ఉష్ణదేశము. అచటి ప్రజలును “ఈ ఎండలో ఎవరు ధరింతురు?” అని అన్నవారే. ఎండ దేశములకు తగినట్లు తేలికగాను, గాలియాడునట్లును శిరస్త్రాణములను చేయు కర్మాగారము హానోయి నగరమున వెలసెను. 2007 డిసెంబరు 15వ తేదీన అచట అన్ని రోడ్లపైనను శిరస్త్రాణము తప్పనిసరి యయ్యెను. కొలది దినములలోనే నూటికి తొంబదిమందికి పైగా ధరింపసాగిరి. అయితే అచట నాసిరకపు టోపీలును విరివిగా అమ్ముడు పోయినవి. ఈ ఉదాహరణమున రెండు పాఠములు కలవు: ఎండ అడ్డంకి కాదన్నది మొదటిది, చట్టము తలపై ఏదో యొకటి పెట్టింపగలదు గాని మంచిదానిని ఎన్నుకొను బుద్ధిని చట్టము ఒక్కటే ఇవ్వజాలదన్నది రెండవది.

శిరస్త్రాణము చెవులను మూయుననియు, చూపును అడ్డగించుననియు, మెడను విఱుచుననియు కొందరు వాదింతురు. అమెరికాలో హారీ హర్ట్ అను ఆచార్యుడు తన సహచరులతో లాస్ ఏంజెలిస్ ప్రాంతమున 900 మోటారు సైకిలు ప్రమాదములను జరిగిన తావులకే పోయి పరిశీలించి, 1981లో నివేదిక ప్రకటించెను. ఈ మూడు వాదములకును ఆధారము లేదని అందు తేలినది. “పక్క వీధికే గదా” అనువారు, లారెన్సు కూడ తన యింటి సమీపముననే పడెనని జ్ఞాపకము చేసికొనవలెను. నుదుటి వ్రాత యనువారికి చెప్పవలసినది ఒక్కటే: ఆ వ్రాత నమ్మి ఎవ్వరును రాత్రివేళ తలుపు గడియ వేయుట మానుట లేదు.

కొన్నదానిని కాపాడుకొనుటయు ఎన్నికలో భాగమే. గట్టి దెబ్బ తిన్న శిరస్త్రాణము పైకి చక్కగానున్నను, లోపలి పొర ఒకసారి నలిగినచో తిరిగి ఉబ్బదు, దానిని పాఱవేయవలెను. పెట్రోలుతోను, కిరోసినుతోను తుడిచినచో చిప్పయు, పొరయు చెడిపోవును. ఇష్టము వచ్చిన రంగులు పూయుటయు హానికరమే. అయిదు సంవత్సరములు గడచిన పిమ్మట క్రొత్తదానిని కొనుట మంచిది. అన్నిటికంటె ముఖ్యమైనది గడ్డము క్రింది పట్టీ. పట్టీ బిగింపని శిరస్త్రాణము దెబ్బకు ముందే తలను వీడి పోవును. అట్టిదానిని ధరించుట గొడుగును చంకలో పెట్టుకొని వానలో నడచుట వంటిది.

పాఠశాల విద్యార్థులు బండి నడుపు వయస్సు వారు కారు, నడుపరాదు కూడ. కాని వారు ప్రతిదినము తండ్రి వెనుకనో, అన్న వెనుకనో కూర్చుండి పోవుచున్నారు. ఇంటిలో దర్జీ టేపు ఉండును. దానితో ఇంటివారి తలలన్నియు కొలిచి ఒక కాగితముపై వ్రాయుట పది నిమిషముల పని. ఇంటనున్న శిరస్త్రాణమును తిరగవేసి, ముద్ర కలదా, లోపలి పొర కలదా, పట్టీ సరిగా పడుచున్నదా యని చూచుట మఱియొక అయిదు నిమిషముల పని. పెద్దలు కోపముతో చెప్పిన మాటను పిల్లలు పెడచెవిని పెట్టవచ్చును గాని, పిల్లలు ప్రేమతో అడిగిన మాటను పెద్దలు అంత సులభముగా త్రోసివేయజాలరు. “చేతులు కాలిన పిమ్మట ఆకులు పట్టుకొన్నట్లు” అని తెలుగువారి సామెత. కాలిన చేతులు కాలక్రమమున మానవచ్చును. పగిలిన తలకు ఆ అవకాశము లేదు. “బ్రతికియుండిన బలుసాకు తినవచ్చు” నని మఱియొక సామెత. బ్రతికియుండుటకు కావలసినది గొప్ప ధనము కాదు; తలకు తగిన శిరస్త్రాణమును, దానిని ప్రతిసారియు ధరించు అలవాటును.